కొంగ జారవిడిచిన పుల్ల

కొంగల్ని చూడడం నాకు సరదా, మా మావయ్యకి అదే పంచాంగం. నరసన్నపేట అవతల వాళ్ళ ఊరి చెరువులో, తుమ్మచెట్ల మీద నత్తగుల్ల కొంగలు పుల్లలు మోసి గూళ్ళు కట్టడం మొదలుపెడితేగాని ఆయన పొడి దుక్కిలో వరి విత్తనం చల్లేవాడు కాదు. వానలు నిలబడతాయంటేనే అవి గూడు కడతాయని ఆయన నమ్మకం. ఆయన చల్లితేగాని ఊరు చల్లేది కాదు. పంతొమ్మిదొందల అరవయ్యెనిమిదో తొమ్మిదో, ఆ వేసవి చివరికి ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. అవతలి గట్టు ఆయనకి ఉత్త మసక. అందుకని బీయస్సీ చదువుతున్న మేనల్లుణ్ణి, నన్ను పిలిపించాడు.

కాలేజీ లాబ్‌లో బతిమాలి తెచ్చిన బైనాక్యులర్స్ మెడలో వేసుకుని పొద్దున్నే గట్టెక్కాను. అంత చదువుకున్నవాణ్ణని పొగరు. ఎండిపోగా మిగిలిన నీళ్ళ చుట్టూ నీటికాకులు, గుడ్డికొంగలు మూగి ఉన్నాయి. ఒక లకుముకి పిట్ట వెంటపడి, నోటుబుక్కులో దాని బొమ్మ గీసుకుంటూ పూటంతా గడిపేశాను. ఆయన చూడమన్న చెట్ల వంక చూసింది ఇక బయల్దేరబోతూ మాత్రమే. ఒక కొంగ పుల్ల పట్టుకొచ్చింది, కాసేపు అటూ ఇటూ తిప్పి నీళ్ళలో జారవిడిచింది. మిగతావి కదలకుండా కూర్చున్నాయి. ఇంకో రెండు రోజులు ఆగి చూడాలని నాకు తెలుసు. కానీ శ్రీకాకుళంలో సాయంత్రం సినిమా ఆటకి స్నేహితుడు టికెట్ తీసి ఉంచుతానన్నాడు.

మావయ్య గట్టు కింద ఎండలోనే నిలబడి ఉన్నాడు.

“ఒరే అల్లుడా, కడతన్నాయా?”

“కడతన్నాయి మావా,” అన్నాను. బస్సు అందింది.

మర్నాడే ఆయన చల్లాడు, ఆయన వెనకాలే ఊరంతా చల్లింది. ఒక్క జల్లు పడి మొలక లేచింది. తర్వాత మూడు వారాలు నిప్పులు చెరిగే ఎండ. మొలకంతా మాడిపోయింది.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి అరుగు మీద పదిమంది రైతులు ఆయన్ని నిలదీస్తున్నారు. ఇంతకీ కొంగల్ని చూసిందెవరని ఒకాయన అడిగాడు.  మావయ్య నా వైపు తిరగనైనా లేదు.

“నానే సూసాను. నా కళ్ళే నన్ను మోసం సేసాయి.”

ఎదుట నిలబడ్డ మనిషినే ఆయన పోల్చుకోలేడని అక్కడ అందరికీ తెలుసు. అడిగినాయన నన్ను ఎగాదిగా చూసి, తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. నిజం చెప్పడానికి నాకు రెండు మాటలు చాలు. అవీ చెప్పలేదు. పైగా ఆ పూట అత్త వడ్డించిన అన్నం కడుపునిండా తిని మరీ వచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మరుసటేడు విత్తనం ఎప్పుడు చల్లాలని ఆయన్ని ఊళ్ళో ఒక్కరూ అడగలేదట. ఆ సంగతి అత్త చెప్పింది. ఆయన మాత్రం పరీక్షలు బాగా రాశానా అని అడిగాడు.