తీసెయ్యమన్నది నేనే

కొన్నేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. దాని బరువేమీ తగ్గలేదు. నాకు అలవాటైంది, అంతే. ఆ అలవాటు మీదే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది జనగామ జిల్లా లింగాల ఘనపూర్. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని, పాత ప్రతులన్నిటినీ భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్ మాది. జూనియర్లు రాసింది చదివి సరే అనడమో, కాదనడమో నా పని.

నా జూనియర్ రజితది భూపాలపల్లి జిల్లా, మహదేవపూర్ దగ్గరి పల్లె. చేరిన కొత్తలోనే ఒక లోపం పట్టుకుంది. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలూ తనలో ఎంత సమాచారం ఉందో మొదట్లోనే చెబుతుంది. మా కోడ్ ఆ మాటను గుడ్డిగా నమ్మేసేది. ఫైలు దారిలో సగానికి తెగిపోయి వస్తే? లేనిదాన్ని ఉందనుకుని చదివి, ఆ చెత్తను మంచి ప్రతి మీద రాసేసేది. రజిత ఒక తనిఖీ రాసింది. చెప్పిన పొడవు, వచ్చిన పొడవు ఒకటి కాకపోతే ఫైలును తిప్పి పంపాలి, పాత ప్రతిని ముట్టుకోకూడదు. నేను చదివాను. తప్పు పట్టడానికేమీ లేదు.

మీటింగ్‌లో దాని గురించి చెబుతూ ఆమె, "ఫైల్ చెప్పిందల్ల గిట్లనే నమ్ముకుంట పోతె పరేషాన్ అయితం సార్" అంది.

"గిట్లనే..." అని ఒకడు సాగదీశాడు. గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

ఎందుకు నవ్వాను? నేను చేరినప్పుడు నా యాస మాటకూ ఇలాగే నవ్వారు. తోమి తోమి, ఏ ఊరివాడినో ఎవరికీ తెలియకుండా ఆ మాటను అరగదీసుకున్నాను. ఇదిగో, ఇది కూడా ఆ తోమిన భాషలోనే రాస్తున్నాను. కోపం రావలసింది నవ్విన వాళ్ల మీద కదా? మరి ఆ అమ్మాయి మీద ఎందుకొచ్చింది?

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, మీది లింగాల ఘనపూర్ అంట గద?"

"అయితే?"

"వాళ్లంటె తెల్వక నవ్విండ్రు. మీరెందుకు నవ్విండ్రు?"

పట్టుబడిపోయినప్పుడు మనిషి ఎంత నీచానికి దిగుతాడో ఆ రోజు తెలిసింది.

"ఆ తనిఖీ తీసెయ్. దానివల్ల ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది" అన్నాను.

"జర మల్లొక్కసారి సూడుండ్రి అన్నా. అది తీస్తె ఖరాబైతది."

"రివ్యూ చేసేది నువ్వా, నేనా? తీసేస్తేనే సరే అంటాను."

తీసేసింది. సరే అన్నాను.

కొన్ని నెలలకు ఒక కస్టమర్ దగ్గర తెగిన ఫైలు రానే వచ్చింది. వాళ్లు ఏళ్ల తరబడి దాచుకున్న ప్రతులు పాడైపోయాయి. మేనేజర్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, తనిఖీ ఎవరు తీశారని అడిగాడు.

"అన్న తీసెయ్యమంటెనే తీసిన సార్" అంది రజిత.

అందరూ నావైపు తిరిగారు. "నేనలా అనలేదు. పని ఒత్తిడిలో తను తీసిన సంగతి గమనించలేదు" అన్నాను.

ఆమె నన్నే చూసింది. నేను గమనించకపోవడం పని ఒత్తిడి అయింది, ఆమె తీసేయడం చేతకానితనం అయింది. ఎంత సులువుగా నమ్మారు! ఆమె మాట తీరుకు నవ్విన గది ఆమె మాటనెలా నమ్ముతుంది? ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అబద్ధమాడాను. ఆ నెలే ఆమెను పంపేశారు.

ఇంకా ఉంది, వినండి. ఆమె రాసిన తనిఖీనే గుర్తు తెచ్చుకుని, నా పేరుతో మళ్లీ రాశాను. మేనేజర్ భుజం తట్టాడు. నేను నవ్వుతూ నిలబడ్డాను.

మొన్న చుట్టాల ఇంట్లో పనుండి మహబూబాబాద్ వెళ్లాను. రజిత అక్కడ ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోందని తెలిసి, వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. బయటికి వచ్చి నన్ను గుర్తుపట్టింది. ఆ రోజు మేనేజర్ ముందు అబద్ధమాడానని చెప్పాను.

"గది నాకెర్కలేదా? నాకెందుకు చెప్తున్నవ్?" అంది. అప్పట్లా 'మీరు' అనలేదు. "ఆ రోజు గా రూములున్నోళ్లకు చెప్పు, పో."

సోమవారం మీటింగ్‌లో లేచి నిలబడి చెప్పాను. తీసెయ్యమన్నది నేనే అన్నాను. తర్వాత నా పేరుతో రాసింది ఆమె కోడేనని కూడా చెప్పాను. మేనేజర్, "పాత సంగతి కదా, ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నాడు. ఒకమ్మాయి బతుకు వీళ్లకు పాత సంగతి! ఆ మాటకు బల్ల మీద గుద్దాను. కానీ ఇన్నాళ్లూ దాన్ని పాత సంగతిగా ఉంచింది ఎవరు? నేను కాదూ?

అందరి ముందూ చెప్పానని రజితకు మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబివ్వలేదు. ఇవ్వమని అడిగే ముఖం నాకు లేదు.

నా మీద నాకున్న కోపం ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా. మాట మాత్రం బయటపడింది. చాన్నాళ్లకు ఇవాళ అన్నం సయించింది.