ఢావ్లో మీద డీజే కొట్టిన ఆల్బం: జనగామ నుంచి భూపాలపల్లి దాక

పన్నెండేండ్లు ఎదురుచూసిన ఆల్బం శుక్రవారం పొద్దున వచ్చింది. మాపటికల్ల నాకు ఒళ్లు మండింది, ఆదివారం రైలెక్కిన. ఈ ప్రయాణానికి గిదే కారణం. గుళ్లు, జలపాతాలు చూద్దామని వచ్చినోళ్లు ఈ పేజీ మూసుకోవచ్చు, నేనేం అనుకోను. ‘మూడో ప్లాట్‌ఫారం’ అనే రాక్ బ్యాండు ఇప్పటి పిల్లలకు ఎరుక లేకపోవచ్చు. డోర్నకల్ రైల్వే క్వార్టర్లల్ల పెరిగిన నలుగురు దోస్తులు, చర్చిల కీర్తనలకు గిటార్ వాయించుకుంట నేర్చుకున్నోళ్లు, ఏ కంపెనీ అండ లేకుండ సొంతంగ ‘అవుటర్ల ఆగినం’ అని ఒక్క ఆల్బం తీసిండ్రు. మన మాటను సినిమాల్ల నవ్వులాటకు వాడుకునే రోజులవి. అదే మాటను వీళ్లు తలెత్తుకొని పాడితే, డిగ్రీ చదివే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. తర్వాత కొట్లాడుకొని ఎవని దారి వాడు పట్టిండు. ఇన్నేండ్లకు మల్ల కలిసి తీసిన ఆల్బం పేరు ‘పునరాగమనం’. మన మాట కాని పేరు చూస్తనే అనుమానం కొట్టింది నాకు.

పాత ఆల్బంల ఆఖరు పాట ‘తండా దాటినంక’. అండ్ల సగం తర్వాత గిటార్లన్ని ఆగిపోతయి, ఒక ఆడమనిషి గొంతు వస్తది. ఆమె కమ్లక్క. అప్పట్ల డోర్నకల్‌ల కూలి పనికి వచ్చి, బ్యాండుల పాడే ప్రభు వాళ్లింటి పక్కన గుడిసె వేసుకొని ఉండేది. ఆమె పాడింది ఢావ్లో. లంబాడి పెండ్లిల పిల్ల పుట్టిల్లు ఇడిసేటప్పుడు అమ్మది, అక్కది, వచ్చినోళ్లందరిది ఒక్కొక్కల మెడ పట్టుకొని ఏడ్చుకుంట పాడుతది, గదే ఢావ్లో. రికార్డింగుల మైకు ముంగట నిలబెడితే కమ్లక్కకు పాట రాలేదట. మనిషిని పట్టుకోకుంటె ఎట్ల వస్తదని అడిగిందట. అప్పుడు ప్రభు వాళ్లమ్మ వచ్చి కూసుంటే, ఆమె మెడ పట్టుకొని పాడింది. పాట కింద ఆ అమ్మ వెక్కిళ్లు సన్నగ వినబడతయి. సీడీ కవరు మీద గూడ రాసిండ్రు, ‘గొంతు: కమ్లి. ఆమె పట్టుకున్నది: మా అమ్మను’ అని. ఆ అమ్మ చనిపోయి నాలుగేండ్లయింది.

కొత్త ఆల్బంల అదే పాటను మల్ల చేసిండ్రు. కమ్లక్క గొంతు లేదు, ఎవరో స్టూడియో పిల్ల పాడింది. అమ్మ వెక్కిళ్లు లేవు. ఢావ్లో మొదలు కాంగనే కింద డీజే దరువు పడతది, బరాత్‌ల ఎగిరేటందుకు. పేర్లల్ల కమ్లక్క పేరు గూడ లేదు. సొమ్ము ఒకలది, సోకు ఒకలది. జనగామ బస్టాండు దగ్గర నా జిరాక్స్ దుకాణంల గిరాకీ నిలబడి ఉంటే గూడ నేను ఫోన్‌ల మా అభిమానుల గ్రూపుకు రాసుకుంటనే కూసున్న. అందరిది అదే మంట. ఒకాయన పాత సీడీ ఫొటోకు దండ వేసి పెట్టిండు. కాలంతోని మారాలె కద అని ఒకామె అన్నందుకు, పాపం, పొద్దుగూకేదాక తిట్లు తిన్నది. అప్పుడు కేసముద్రం శ్రీను ఒక్క మాట రాసిండు: “అన్న, అక్క, గింతమందిమి లొల్లి చేస్తున్నం. కమ్లక్కకు ఎవలన్న చెప్పిండ్రా?” ఎవలం చెప్పలేదు. ఆదివారమే భూపాలపల్లిల బ్యాండు ప్రోగ్రాం ఉంది, సాయంత్రం అయిదింటికి. ముందు కమ్లక్క వాళ్ల తండాకు పోయి, ఆడికెళ్లి అటు పోదామని నేను, శ్రీను అనుకున్నం.

పొద్దున అయిదున్నరకు జనగామల రైలెక్కిన. జనరల్ టికెట్ మహబూబాబాద్‌కు అరవై రూపాయల లోపే. కాజీపేట దాక నిలబడాలె, తర్వాత సీటు దొరుకుతది. కేసముద్రంల శ్రీను ఎక్కిండు. మార్కెట్ యార్డుల పత్తి, మక్కలు తూకం వేసే దడువాయి పని ఆయనది. కమ్లక్క వాళ్లు పత్తి ఆయన కాంటాకే తెస్తరు గనుక తండా తొవ్వ ఎరుక, వాళ్ల భాష గూడ ఎరుక. బ్యాండు బొమ్మ ఉన్న టీషర్టును తిరగేసి తొడుక్కొని వచ్చిండు.

“ఏంది శ్రీను గిది?”

“నిరసన అక్క. పారేద్దమంటే మనసొప్పలె.”

మహబూబాబాద్ స్టేషన్ బయట ఇడ్లి తిని, ఎనిమిదింటికి గంగారం దిక్కు పోయే పల్లెవెలుగు ఎక్కినం. ఆడోళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, శ్రీనుకు వంద లోపే తీసుకున్నరు. గూడూరు దాటినంక అడవి మొదలైతది, సిగ్నల్ పోతది, మంచినీళ్లు ముందే కొనుక్కోవాలె. గంగారం ఇంకో ఎనిమిది కిలోమీటర్లు ఉందనంగ దిగి, ఎర్రమట్టి తొవ్వల అర్ధగంట నడిస్తే తండా వచ్చింది. పదింబావు అయింది.

చెప్పేటందుకు మేం ఎంత భయపడ్డమో, అంత అక్కరే లేకపోయింది. తండాల పిల్లలు శుక్రవారం మాపే ఆ పాటను డీజే డబ్బాల పెట్టి ఎగిరిండ్రట. కమ్లక్కకు యాభై దాటినయి, మనిషి చిక్కింది, గొంతు మాత్రం గట్టిగనే ఉంది. మాకు జొన్నరొట్టె, మిర్చి తొక్కు పెట్టి, తన కడుపుల ఉన్నది చెప్పింది. ఆమె బిడ్డ అనూష మహబూబాబాద్‌ల నర్సింగ్ చదువుతున్నది, పన్నెండు దినాలల్ల పెండ్లి. పెండ్లికి ముందుగాల తండా ముసలమ్మలు రోజు కూసోబెట్టి పిల్లకు ఢావ్లో నేర్పుతరు. వాకిట్ల ముగ్గురు అవ్వలు వచ్చి కూసున్నరు, పిల్ల మాత్రం బయటికి వస్తలేదు. నేనే లోపలికి పోయి అడిగిన.

“నేను పాడ అక్క,” అన్నది అనూష. “మా హాస్టల్‌ల అందరు ఆ పాటకు రీల్స్ చేస్తున్నరు. అది ఏడుపు పాట అని చెప్తే నవ్విండ్రు. పెండ్లినాడు మా యాడి మెడ పట్టుకొని నేను ఏడిస్తే, సుట్టూత నిలబడ్డోళ్లు ఫోన్లు తీసి స్టెప్పులు వేస్తరు. నాకు సిగ్గు పోతది.”

యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. ఆ యాడి గడప అవతల నిలబడి అంతా వింటున్నది. “పాడకుండ ఎట్ల పోతవ్ బిడ్డా,” అన్నది మెల్లగ. “మీ అమ్మమ్మ మెడ పట్టుకొని నేను పాడిన. ఆమె వాళ్ల అమ్మను పట్టుకొని పాడింది. నాకాడికి వచ్చి ఆగుతదా ఇది?” అప్పుడు నాకు అర్థమైంది, మేం గ్రూపుల పొద్దుమాపు లొల్లి చేసింది మా పాట పాడైందని. ఈ ఇంట్ల పాడైంది మాత్రం ఇంకోటి. భూపాలపల్లి ప్రోగ్రాం ముచ్చట చెప్తే కమ్లక్క చీరె మార్చుకొని వచ్చింది. “ఆ ప్రభు పిల్లగాన్ని నేనే అడుగుత, పోదాం పాండ్రి,” అని అనూషను గూడ రెక్క పట్టుకొని లేపింది.

గంగారంల వ్యాను మాట్లాడినం, పోనురాను నాలుగున్నర వేలు, మా గ్రూపోళ్లందరం పంచుకున్నం. నర్సంపేట, మల్లంపల్లి, ములుగు మీదికెళ్లి భూపాలపల్లికి మూడున్నర గంటలు పడతది. డ్రైవర్ రవీందర్ మంచోడే, ఊకె ముచ్చట పెడతడు. నర్సంపేట దాటంగనే పాటలు పెట్టిండు, రెండోది గదే. నేను బంద్ చెయ్యమని లేవబోతే కమ్లక్క నా చెయ్యి పట్టుకొని ఆపింది.

“ఉండనియ్యి. మొత్తం ఇంట.”

“మస్తు పాట అవ్వా,” అన్నడు రవీందర్. “నిన్న, మొన్న నేను పోయిన పెండ్లిలల్ల గిదే.”

ఆమె ఆఖరు దాక విన్నది. “ఇండ్ల ఆ పిల్ల ఎవల మెడ పట్టుకున్నది?” అని అడిగింది.

“స్టూడియోల గట్ల ఉండదవ్వా. చెవులకు పెట్టుకొని ఒక్కతే పాడుతది.”

“గందుకే,” అన్నది కమ్లక్క. ముంగట కూసున్న శ్రీను, ఈమె ఎవలో రవీందర్‌కు చెప్పిండు. ఆయన పాట తనే బంద్ చేసిండు.

మూడింటికి భూపాలపల్లి చేరినం. బొగ్గుబాయి కాలనీల దిక్కు గ్రౌండుల స్టేజీ కడుతున్నరు. టికెట్ రెండొందలు, పార్కింగు వేరే. గేటు కాడ ఆపితే శ్రీను పాత సీడీ తీసి కమ్లక్క పేరు చూపించిండు, సెక్యూరిటీ ఆయన చదివి దారి ఇచ్చిండు. ప్రభు స్టేజీ కింద మైకులు చూసుకుంటున్నడు. ఒళ్లు వచ్చింది, నల్లద్దాలు. కమ్లక్కను గుర్తు పట్టి, అద్దాలు తీసి కాళ్లు మొక్కిండు. ఆ మర్యాద చూసి నా కోపం రవ్వంత దిగింది గూడ.

“అక్కా, అన్నిట్ల నీ పాటనే హిట్టు. లక్షలమంది చూసిండ్రు.”

“పాటల మీ అమ్మ ఏది?” అని అడిగింది ఆమె.

ప్రభు తల దించుకున్నడు. “అది... పక్క సప్పుడు అన్నరక్కా, సౌండాయన. తీసేసిండ్రు.”

కన్నతల్లి ఏడుపు పక్క సప్పుడట. నేను నోరు తెరిచేలోపే కమ్లక్క చేతిల సంచి కింద పెట్టి, రెండు చేతులతోని ప్రభు మెడ పట్టుకున్నది. ఢావ్లో ఎత్తుకున్నది, మైకు లేదు, దరువు లేదు. శ్రీను నా పక్కన నిలబడి ఒక్కొక్క మాట తెలుగుల చెప్పిండు. ‘అవ్వా, నీ ఇంట్ల ఉప్పు తిన్న, నీ అరుగు మీద పండుకున్న. నీ కొడుకు ఇల్లు ఇడిసి పోతున్నడు, వానికి తొవ్వ ఎరుక లేదు. వాన్ని నేను సాగదోలుతున్న, నువ్వు చూస్తలేవు.’ ప్రభు ముందు బిగుసుకపోయిండు. తర్వాత ఆమె భుజం మీద తల పెట్టి చిన్నపోరని తీరు ఏడ్చిండు. లైట్లు కట్టేటాయన పైనుంచి దిగి నిలబడ్డడు. కుర్చీలు వేసేటోళ్లు వేసుడు ఆపిండ్రు. ఒకడు ఫోన్ తీస్తే పక్కాయన వాని చెయ్యి కిందికి దించిండు. అనూష అమ్మను చూస్తలేదు, సుట్టూత ఉన్నోళ్ల మొకాలు చూస్తున్నది.

కండ్లు తుడుసుకొని ప్రభు అందరి ముంగట మాటిచ్చిండు, ఇయ్యాల ఆ పాట గట్ల పాడనని. మాకు, నేరుగ గ్రౌండుకు వచ్చిన మా గ్రూపోళ్లకు ముందు వరుసల కుర్చీలు వేయించిండు. అయిదింబావుకు షురూ అయింది. పాత పాటలు రెండు పాడితే నేను చిన్నప్పటి లెక్క గొంతు పోయేటట్టు పాడిన, అబద్ధమెందుకు. నాలుగో పాటకు ప్రభు మైకు తీసుకొని, “ఈ పాట మా కమ్లక్కకు అంకితం. ఆమె ఇక్కడనే ఉన్నది, చప్పట్లు కొట్టుండ్రి,” అన్నడు. జనం కొట్టిండ్రు. ల్యాప్‌టాప్‌ల బటన్ ఒత్తిండ్రు. స్టూడియో పిల్ల గొంతు వచ్చింది, డీజే దరువు పడ్డది.

పోరగాండ్లు ఎగిరిండ్రు, వాళ్లను నేననను, వాళ్లకు ఏమెరుక. ఎరుక ఉన్నోడు ఒక్కడే ఉన్నడు ఆ గ్రౌండుల, వాడు గిటార్ పట్టుకొని నవ్వుతున్నడు. నేను స్టేజీ ముంగటి అడ్డకట్టెల దాక ఉరికి “ప్రభూ” అని అరిచిన, విననే లేదు. మా గ్రూపోళ్లం పదకొండుమందిమి లేచినం. కమ్లక్క ఏడ్వలె, తిట్టలె. “పోదాం పా బిడ్డా, పొద్దుపోతది,” అని కొంగు నడుముకు చెక్కుకొని ముందట నడిచింది.

ములుగు దగ్గర పడుతుంటే ఇంకా రవ్వంత వెలుగు ఉంది. అనూష, “యాడీ, నువ్వు పాడినప్పుడు ఎవ్వలు నవ్వలే,” అన్నది.

“ఎందుకు నవ్వుతరు బిడ్డా.”

“మొదటి మాట ఏంది? చెప్పు.”

“గట్ల కూసుంటె రాదు,” అన్నది కమ్లక్క. “పట్టుకో.”

పిల్ల సీట్ల జరిగి అమ్మ మెడ పట్టుకున్నది. మొదటిసారి గొంతు రాలేదు, రెండోసారి వచ్చింది. ఎవ్వలు చెప్పకుండనే రవీందర్ వ్యాను పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేసిండు.

ఇంటికి వచ్చి నాలుగు దినాలైంది, నా కోపం చల్లారలే, చల్లారుతదని అనుకుంటలేను గూడ. మారొద్దని మేం అంటలేం. గిటార్ మార్చుకో, దరువు మార్చుకో, నీ పాట నీ ఇష్టం. కమ్లక్కది నీది కాదు, మీ అమ్మ ఏడుపు గూడ నీ ఒక్కనిది కాదు. మాటిచ్చి రెండు గంటలు గూడ నిలబెట్టుకోనోడు పన్నెండేండ్లకు మల్ల వచ్చి ఏం లాభం. నేను మాత్రం ఆ పెండ్లికి పోతున్న. మీరెవరన్న తండా పెండ్లికి పోతే ఒక్కటే చెప్త: పిల్లను సాగదోలేటప్పుడు ఫోన్ సంచిల పెట్టుకోండ్రి. పెండ్లిపిల్ల వచ్చి మీ మెడ పట్టుకుంటె ఊరుకో బిడ్డా అని ఊరడియ్యకుండ్రి, పాట అయిపోయేదాక కదలకుండ నిలబడుండ్రి.