తెల్లకాగితం మీద సంతకం

పటమటలోని బట్టల షోరూంలో కొత్తగా చేరినవాళ్ల చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించడం రేణుక పని. ఎప్పుడు తీసెయ్యాలన్నా పైన రాజీనామా రాసుకోవచ్చని యజమాని రామకోటేశ్వరరావు ఏర్పాటు. "ఇక్కడమ్మా" అని వేలితో చోటు చూపిస్తుందేగాని రేణుక వాళ్ల మొహంలోకి చూడదు. ఆ రోజు ఆయన సేల్స్‌గర్ల్ రాజ్యశ్రీ కాగితం తీయించాడు. రాజ్యశ్రీకి అయిదో నెల.

"తనే మానేసినట్టు రాసెయ్యమ్మా. రేపు సెలవులంటుంది, జీతమంటుంది."

"కడుపుతో ఉన్నమ్మాయిని తీసేస్తే కేసవుద్దండీ. రాత ఎవరిదని కోర్టులో అడుగుతారు. నాదేగా!"

"నీకెందుకు భయం? నేన్లేనూ?"

"అయితే మీరే రాయండి!" రేణుక పెన్ను ఆయన ముందు ఠపీమని పెట్టింది. ఆయన పెన్ను ముట్టుకోలేదు. రేణుక ఆ కాగితం పట్టుకుని చీరల సెక్షన్‌లోకి వెళ్లి, రాజ్యశ్రీ చేతిలో పెట్టి, "చింపెయ్యవే" అంది.