స్లాబ్ రోజు అనకూడని మాట

మా ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. వరంగల్, హనుమకొండల్లో ఇళ్లకు స్లాబ్ పోయాలంటే ముందుగా కింద కర్రలు నిలబెట్టి, పైన రేకులు పరిచేది ఆయన మనుషులే. ఎంత ఎత్తయినా కోతిలా తిరుగుతాడు. కింద నిలబడి చూసే నాకే కళ్లు తిరుగుతాయి. నేను కూలీల లెక్కలు చూస్తాను, అన్నం పంపిస్తాను, మిగిలిన సమయంలో భయపడతాను.

కొత్తవాడలో ఉండే మా తమ్ముడు ఇన్సూరెన్స్ ఏజెంటు. బావకు పాలసీ అంటగట్టాలని వాడు మా ఇంటి గడప అరగదీశాడు. ఈయనేమో మంచిగున్న మనిషి ముందు చావు ముచ్చట ఏమిటని లేచిపోయేవాడు. ఆ మధ్య ఒక కూలీ పై అంతస్తు కర్రల మీద నుంచి పడ్డాడు. దవాఖానా ఖర్చుకు వాళ్ల మేస్త్రీ ఉన్న బండి కాస్తా అమ్ముకున్నాడు. అప్పుడు దారికొచ్చాడు మా ఆయన.

తమ్ముడు చాప మీద కూర్చుని అన్నీ విడమరిచి చెప్పాడు. మేస్త్రీకే ఏమన్నా అయితే ఇంటివాళ్లకు ఇచ్చేది ఒక పాలసీ. కూలీలకు పని దగ్గర దెబ్బ తగిలితే మేస్త్రీ మీద పడే బరువు మోసేది మరొకటి. అడ్డా మీద నుంచి తెచ్చుకునే రోజు కూలీలనూ, గుత్తకు పని తీసుకున్నవాళ్లనూ ముందే చెప్పి అందులో కలపాలి, లేకపోతే వాళ్ల సంగతి మాకు తెలియదు పొమ్మంటారు. మన కర్ర జారి పక్కింటివాళ్ల కారు మీద పడితే చూసుకునేది ఇంకోటి. చివర్లో వాడు, "నడుముకు తాడు బెల్టు లేకుంట ఎక్కితె కంపెనోళ్లు కొర్రీలు పెడ్తరు బావా, జర యాదుంచుకో" అన్నాడు. బావ అప్పటికే ఆవలిస్తున్నాడు.

పాలసీ కాగితాలు రాగానే ఈయన పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం వెనక దాచాడు. తాయెత్తు కట్టుకున్నవాడికి దయ్యం భయం పోయినట్టు, ఆ రోజుతో ఆయనకు బెల్టు బాధ పోయింది. నేను బతిమాలి కొనిపించిన బెల్టులన్నీ ఆటో సీటు కింద చేరాయి. మేస్త్రీయే కట్టుకోనిది కూలీలెందుకు కట్టుకుంటారు? అడిగితే ఇన్సూరెన్స్ ఉంది కదా, ఫికర్ చేయకు అనేవాడు. పడ్డాక వచ్చేదాన్ని పట్టుకుని, పడకుండా ఆపేదనుకునే మనిషికి ఏం చెప్పాలి? చెప్పాను, పోట్లాడాను, ఒక పూట అన్నం కూడా మానేశాను. గోడకు చెప్పుకున్నా నయం.

ఖిలా వరంగల్ దగ్గర ఒక ఇంటికి పై అంతస్తు స్లాబ్ పోసే రోజు నేనూ వెళ్లాను. మిల్లర్‌లో కంకర, సిమెంటు కలుస్తున్నాయి. ఇంటి యజమాని దంపతులు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. మా ఆయన పైన, అంచు మీద, బెల్టు లేకుండా, ఫోన్లో మాట్లాడుతూ కిందికి వంగి చూస్తున్నాడు. అరిస్తే ఉలిక్కిపడతాడని నోరు మూసుకున్నాను. కొబ్బరికాయ కొట్టడానికి ఆయన దిగి వచ్చేదాకా ఆ కాళ్ల మీంచి చూపు తిప్పలేదు.

స్లాబ్ పోసే ముందు కీడు మాట ఎవరూ అనరు. తుమ్మొచ్చినా ముక్కు పట్టుకుంటారు. నేను అందరికీ వినబడేలా అన్నాను.

"ఇయ్యాల నువ్వు ఆడికెల్లి పడి సస్తె, ఆ పైసలు నాకొద్దు."

యజమానురాలు చెంపలు వేసుకుంది. అలాంటి మాట చెవిన పడ్డాక వెంటనే పని మొదలుపెట్టరు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ లేవాలి. కూలీలు తట్టలు పక్కన పెట్టి కూర్చున్నారు. కలిపిన మాల్ గట్టిపడుతుందని యజమాని గొణుగుతున్నాడు. వాళ్లు నీళ్లు తాగేలోపు నేను ఆటో దగ్గరకు వెళ్లి బెల్టులన్నీ తెచ్చి ముందర పడేశాను. ఇంకోసారి నోరు తెరుస్తానేమోనని అందరూ గబగబా కట్టుకున్నారు.

ఈయన మాత్రం బెల్టు చేతిలో పట్టుకుని, ముఖం మాడ్చుకుని నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. గొంతు తగ్గించి అన్నాడు.

"ఇన్నేండ్లు ఎక్కినప్పుడల్లా, నాకేమన్నయితె నీ గతేందని గుండెల ఒక్కటే దడ. ఇప్పుడా భయం లేదే."

ఇంత ప్రేమ పెట్టుకుని ఇంత తెలివితక్కువగా బతికే మనిషి మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నాకున్నది" అన్నాను.

ఆయన చేతులు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. బెల్టు నేనే కట్టాను.