సుకిరి వాళ్లమ్మ చెప్పిన హిస్టరీ

దెయ్యాలున్నాయా అని నన్నెవరైనా అడిగితే నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించి, వాతలు పెట్టించి, ఇక చేసేదేం లేక ఆసుపత్రికి తీసుకొచ్చిన మనుషుల్ని చూడటమే నా ఉద్యోగం. కాబట్టి దీన్ని దెయ్యం కథ అని నేను అనను. ఏమనాలో మాత్రం నాకు తెలియదు.

తొంభైల చివర్లో క్లినికల్ సైకాలజీలో ట్రైనింగ్ చేస్తున్నాను. సముద్రం పక్క ఊళ్లో మానసిక వైద్యశాల, రెండేళ్లూ వార్డుల్లోనే. నెలకోసారి అరకులో క్యాంపు పెట్టేవాళ్లం. కొండల మీది జనం కిందికి దిగేది సంతకే కాబట్టి క్యాంపు కూడా సంత రోజునే.

డాక్టరు చూసి పంపిన మనిషి గురించి ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి హిస్టరీ, అంటే జబ్బు పుట్టుపూర్వోత్తరాలు, రాయడం ట్రైనీల పని. వాళ్లన్న మాటని అన్నట్టే రాయాలి, మన సొంత కవిత్వం కలపకూడదు. మాకు పని నేర్పే మేడమ్‌కి ఈ విషయంలో కోపం ముక్కు మీదే ఉండేది. కట్టుకథలు రాసేవాళ్లు ఈ వృత్తికి పనికిరారనేవారు. నేను ఆవిడకి ఇష్టమైన శిష్యురాలిని, ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

ఆ రోజు పెదబయలు వైపు నుంచి పదహారేళ్ల పిల్లని తెచ్చారు. పేరు మార్చి సుకిరి అంటాను. చేస్తున్న పని వదిలేసి ఉన్నట్టుండి పరిగెత్తుతుంది, తనలో తాను గొణుక్కుంటుంది, పిలిస్తే పలకదు. ఊళ్లో మంత్రాలు వేసే గురువు రెండేళ్లుగా కోళ్లు కోయించి పూజలు చేస్తున్నాడు. పిచ్చి ముదిరిందనీ, వార్డులో చేర్చాలనీ డాక్టరు రాసేశారు.

వెంట వచ్చిన మేనమామకి పసుపు అమ్ముకునే తొందర. "గుంటకి గాలి సోకిందమ్మా. మా అప్ప ఇక్కడే ఉంటాది, నాను బేగి వచ్చేత్తాను" అని సంతలోకి వెళ్లిపోయాడు. నేను ఇంకేమీ అడగలేదు. సుకిరి బెంచీ మీద నిద్రపోయింది. అప్ప అంటే అక్క, సుకిరి వాళ్లమ్మ. ఆవిడని గదిలోకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

గంటన్నర కూర్చున్నాం. ఎనిమిది పేజీలు రాశాను. ఆవిడ నల్లగా, సన్నగా ఉంది. ముక్కుకి మూడు రింగులు, గడ్డం మీద పచ్చబొట్టు. గొంతు కొంచెం బొంగురు. నా మొహం మీంచి చూపు తిప్పకుండా నిదానంగా చెప్పింది.

నాలుగో పేజీలో ఇలా ఉంది: "ముందు కాలిన గుడ్డ వాసనేత్తాదంటాది. తరవాత నోరు నవుల్తాది, గాజులు తిప్పుకుంటాది, లేసి పరిగెడతాది. తొంగుని లేసినాక ఏటీ ఎరగదు."

ఆరో పేజీలో ఇలా ఉంది: "ఏడాది గుంటప్పుడు ఈపున కట్టుకుని పోడులో పనిచేత్తన్నాను. ముడి జారిపోయి రాతి మీద పడిపోనాది. రెండు దినాలు కళ్లు తెరవనేదు. జొరమని సెప్పినాను. మా ఆయనకి, మా తమ్ముడికి, ఎవులికీ సెప్పనేదు."

ఆ పేజీలు చదివి మేడమ్ డాక్టరుతో గట్టిగా వాదించారు. ఇది పిచ్చి కాదు, తలకి తగిలిన దెబ్బ వల్ల వచ్చిన ఒక రకం మూర్ఛ అని. తలకి వైర్లు పెట్టి తీసిన పరీక్షలో ఏమీ తేలలేదు. హిస్టరీ ఒక్కటే ఆధారం. దాన్ని నమ్మి మందులు మార్చారు. మూడు వారాల్లో సుకిరి తల దువ్వుకుని, వార్డులో ముసలమ్మలకి అన్నం తినిపిస్తూ తిరిగింది. నేను గాల్లో తేలాను.

ఇంటికి పంపేరోజు మేనమామ వచ్చాడు. పిల్ల పుట్టినప్పటి సంగతి ఒకటి ఫైల్లో ఖాళీగా ఉంటే, వాళ్లమ్మని అడిగి చెప్పమన్నారు మేడమ్.

"మా అప్ప మాటాడదు కదమ్మా" అన్నాడతను. "పుట్టు మూగ. సెవులు కూడా ఇనబడవు."

మేడమ్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. వీడు అబద్ధం చెప్తున్నాడనుకున్నాను.

క్యాంపులో తలుపు దగ్గర కూర్చున్న ఆయాని పిలిచి అడిగారు. ఆవిడ నసిగి నసిగి చెప్పింది. "లోపల మీ గొంతొక్కటే ఇనిపించిందమ్మా. మీరు అడుగుతారు, ఊఁ అంటారు, రాస్తారు. ఆ మనిషి నోరు మెదప్నేదు. సదువుకున్నోలు, మీకు తెల్దా అని ఊరుకున్నాను."

నా ట్రైనింగ్ పోతుందన్నది ఒక భయం. అసలు భయం సుకిరిది. హిస్టరీ కట్టుకథ అయితే దాన్ని కొట్టేయాలి, మందులు ఆపాలి, పిల్ల మళ్లీ పిచ్చి వార్డుకి. మూడు వారాల మెరుగుదల దేనివల్లనైనా రావచ్చన్నారు మేడమ్. అయినా ఆవిడ మంచి మనిషి. "పద, వెళ్లి చూద్దాం" అన్నారు.

కిరండూల్ పాసింజర్‌లో అరకు దాకా, అక్కణ్ణుంచి జీపులో, చివర్న నడక. మేనమామ, సుకిరి మాతోనే ఉన్నారు. నేను దారంతా ఒకటే కోరుకున్నాను. గదిలో కూర్చున్నది ఇంకెవరో అయి ఉండాలి, మాటలొచ్చిన పక్కింటావిడో, పిన్నో.

ఆవిడే. అవే మూడు రింగులు, అదే పచ్చబొట్టు. చేటలో సోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, దగ్గరకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మేడమ్ ఆవిడ వెనక నిలబడి సత్తు పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టారు. కోళ్లు బెదిరి పారిపోయాయి. ఆవిడ తల తిప్పలేదు.

అప్పటికి ఊరు ఊరంతా పోగైంది. మేడమ్ ఇంకా నమ్మడంలేదని తెలుస్తూనే ఉంది. నాకు ఒకటే దారి కనిపించింది. ఫైలు తీసి ఆరో పేజీ పైకి చదివాను. ఇది జరిగిందో లేదో సైగలతో అడగమని మేనమామకి చెప్పాను.

అతను వీపు చూపించాడు, జారడం చూపించాడు, రాయి చూపించాడు.  ఆవిడ నేల మీద కూలబడి, గొంతులోంచి ఒక మోటు శబ్దం చేస్తూ ఏడ్చింది. లేచి మమ్మల్ని వాలు మీది పోడు దాకా తీసుకెళ్లి ఒక రాయి మీద చెయ్యి పెట్టింది.

మేనమామ మొహం పాలిపోయింది. "పదిహేనేళ్లయినాది. మాకెవులికీ తెల్దు" అన్నాడు.

మేడమ్ అక్కడే రాయి పక్కన నిలబడి హిస్టరీ నిజమేనని రాసి సంతకం పెట్టారు. సుకిరి మందులు ఆగలేదు. ట్రైనింగ్ అయ్యాక నాకు డిగ్రీ వచ్చింది. నేను అలసిపోయి ఉన్నాననీ, పెదవుల కదలికో, సైగలో నా మెదడు మాటలుగా మార్చుకుందనీ మేడమ్ తర్వాత ఒక వివరణ ఇచ్చారు. కాలిన గుడ్డ వాసనకి ఏ సైగ ఉంటుందో ఆవిడా చెప్పలేకపోయారు.

మేం ఆ ఊరెళ్లొచ్చిన తర్వాతి నెల క్యాంపుకి మాత్రల కోసం సుకిరి వాళ్లమ్మతోనే వచ్చింది. తనే తెలివిగా మాట్లాడుతోంది. "మా అయ్య మా అమ్మని కొట్టి ఇంట్లోంచి తగిలేసినాడు, డాట్రమ్మా. నన్ను పాడు సేసింది అదేనంట. ఇప్పుడు మావ కాడ ఉంటన్నాం. మావ కూడా పలకడు."

 ఎవరికీ చెప్పనిది ఒకరు మనకి చెబితే కడుపులో దాచుకోవాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆవిడ ఎలా చెప్పిందో నాకు తెలియకపోవచ్చు. నాకు మాత్రమే చెప్పిందని తెలుసు. నేను ఫైలు తెరిచి ఊరందరికీ చదివి వినిపించాను. ఆవిడని పక్కకి పిలిచి అడిగిద్దామని మేడమ్‌తో అన్నా సరిపోయేది, నాకు తట్టలేదు.

సుకిరిని బయట కూర్చోమని, ఆయాని కూడా పంపేసి తలుపు దగ్గరికి వేశాను. ఆవిడని అదే కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం తీసుకుని, తప్పు చేశానమ్మా అన్నాను. తిట్టినా సరే, ఒక్క మాట వినబడితే చాలనుకున్నాను. ఆవిడ నా మొహం మీంచి చూపు తిప్పకుండా అరగంట కూర్చుంది.

ఏమీ వినబడలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు ప్రతి నెలా అలాగే కూర్చోబెట్టుకున్నాను. మొదటిసారి గంటన్నరసేపు నేను విన్నది ఎవరి గొంతో నాకు ఈ రోజుకీ తెలియదు. అది నాతో మళ్లీ మాట్లాడలేదు.