మా వాడకట్టంతటికీ ఒక్కడి ఊపిరి

మొన్న పొద్దున నేను అరుగు మీద కందిపప్పు చెరుగుతుంటే ఇంటింటి సర్వే వాళ్ళు వచ్చారు. వాళ్ళు అంటున్నాను గాని వచ్చింది ఒక్క టీచరమ్మే, భుజాన సంచీ, మెడలో కార్డు, ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని. ఏ కులంలో ఎంతమంది చదువుకున్నారు, ఎవరి సంపాదన ఎంత, ఎవరి ఒళ్ళు ఎట్లా ఉంది, రాష్ట్రమంతా ఇల్లిల్లూ అడిగి ఎవరు ఎక్కడ వెనకబడ్డారో తేలుస్తారట. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. కులం చెప్పాను. చదువు అడిగితే సంతకం మటుకే వచ్చన్నాను. ఇప్పుడు ఇది కూడా నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. భూమి అడిగితే రోడ్డు అవతలి పొగగొట్టం వైపు చెయ్యి చాచాను, దాని కింద ఉన్నదే మాది అని. ఆమె నవ్వలేదు, లేదని రాసుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా చాన్నాళ్ళుగా జబ్బు ఉందా అని అడిగింది. నేను నోరు తెరవకముందే, లోపల డ్యూటీకి చొక్కా వేసుకుంటున్న నా కొడుకు, "ఏం లేదు మేడం, అందరం మంచిగున్నం, గట్లనే రాసుకోండ్రి" అన్నాడు.

చేతిలో చేట ఆగిపోయింది. ఆ మాటా ఆ తొందరా వాడివి కావు, వాళ్ళ నాయనవి.

పటాన్‌చెరు దాటి పాశమైలారం వైపు పనికి తిరిగిన నా ఈడు వాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కరలేదు. మా పొలాల్లో జొన్న, కంది పండేవి. ఫ్యాక్టరీలకు భూములు తీసుకున్నప్పుడు ఇంటికొక ఉద్యోగం అన్నారు, ఉద్యోగం అంటే మేము అనుకున్నది వేరు, వాళ్ళు ఇచ్చింది వేరు. మా ఆయనను మందుల సరుకు తయారయ్యేచోట మేస్త్రీ కింద కూలికి పెట్టుకున్నారు. తాను నాగలి దున్నిన చోటనే డ్రమ్ములు దొర్లించేవాడు, పొడి సంచులు విప్పి యంత్రాల్లో పోసేవాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా ఆ తెల్లపొడి ఉండేది. ఆయన బట్టలు నేను వేరేగా ఉతికేదాన్ని, అయినా చేతుల దురద పోయేది కాదు.

ఆ రోజుల్లో నేను బీరంగూడలో పాలు పోసేదాన్ని. అక్కడ సర్కారు వారి పెద్ద ప్లాంటులో పనిచేసే కోస్తా వాళ్ళ ఇళ్ళు ఉండేవి. వాళ్ళు మంచివాళ్ళే, పాలల్లో నీళ్ళున్నాయని గొణుగుతూనే పండక్కి నా చేతిలో చీర పెట్టేవాళ్ళు. వాళ్ళకు ప్లాంటు బస్సు, పిల్లలకు బడి, జబ్బు చేస్తే ప్లాంటు దవాఖాన. ఒక ఇంట్లో ఆయన మంచం మీద పడుకుని పేపరు చదువుతుంటే ఒంట్లో బాగాలేదా అని అడిగాను. "ఆయాసమమ్మా, డాక్టరుగారు నెల సెలవు రాశారు" అంది ఆ ఇల్లాలు. ఇంట్లో పడుకున్నా జీతం వస్తుందని నేను నమ్మలేదు. ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయనా నమ్మలేదు. "నిన్ను ఆటపట్టించింది తియ్" అన్నాడు.

మా ఫ్యాక్టరీకి కూడా ఏడాదికొకసారి డాక్టరు వచ్చేవాడు. వరసగా నిలబెట్టి గొట్టంలో ఊదమనేవాడు. ఆ మిషను ముల్లు పైకి లేస్తే ఊపిరి బాగున్నట్టు. లేవకపోతే మందూ లేదు, సెలవూ లేదు, మరునాడు గేటు దగ్గర మేస్త్రీ ఆ మనిషి పేరు పిలిచేవాడు కాదు, అంతే. అందుకని మా ఆయన ఊదితే ఇక ముల్లు లేవదని తేలిపోయిన ఏడు ఆయన బదులు మా మరిది వెళ్ళాడు. వాడు ఫ్యాక్టరీ గడప తొక్కినవాడు కాదు, బర్రెలు కాచుకునేవాడు, వాడి రొమ్ము డోలులా ఉండేది. అన్న బూట్లు వేసుకుని, అన్న తువ్వాల మొహానికి చుట్టుకుని, అన్న పేరు పిలవగానే వెళ్ళి ఊది వచ్చాడు. మేస్త్రీకి తెలుసు. పని తెలిసిన మనిషి పోతే వాడికీ కష్టమే గనక చూడనట్టు ఊరుకున్నాడు. డాక్టరు ముల్లును చూసేవాడు గాని మొహాలు చూసేవాడు కాదు.

ఇక అది మా వాడకట్టంతా పాకింది. మరుసటేడు మా మరిది నీళ్ళట్యాంకు వెనక చొక్కా మార్చుకుంటూ మళ్ళీ మళ్ళీ వరసలోకి వచ్చాడు. ఆ పొద్దున నన్ను, "వదినా, ఇంకో గుడ్డు ఎయ్యి జెర, ఇయ్యాల అందరి పేరు మీద ఊదాలె" అని అడిగాడు. పక్కింటి ముసలాయన గోడ మీదినుంచి, "అరే, మా ఊపిరంత నీ దగ్గర కుదువ పెట్టినం, నువ్వు బీడీ ముట్టకు" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వక ఏం చేస్తాం, ఆ పొద్దు గడిస్తే ఏడాది అన్నం గడిచినట్టే.

తర్వాత బావుల్లో నీళ్ళు రంగు మారాయి, పిల్లల ఒంటి మీద పొక్కులు లేచాయి. మా ఊళ్ళో ఒక దవాఖాన పెట్టమని పెద్దమనుషులు అడిగితే పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పంచాయతీ ముందు కుర్చీలో కూర్చుని ఫ్యాక్టరీ పరీక్షల కాగితాలు తిప్పి, ఈ చుట్టుపక్కల అన్ని ఊళ్ళకంటే మీ వాడ మగవాళ్ళ ఊపిరే గట్టిగా ఉంది, మీకేం తక్కువ అన్నాడు. ఒక్కడూ తల ఎత్తలేదు. నిజం చెబితే మరునాడు గేటు దగ్గర ఎవరి పేరూ ఉండదు. దవాఖాన వేరే ఊరికి పోయింది.

మా ఆయన మంచాన పడ్డాక మా మరిది ఫ్యాక్టరీకి పోయి ఏమైనా సాయం చేయమని అడిగాడు. పోయినేటి పరీక్షలో ఊపిరి బాగానే ఉందిగా, ఇది మా పనివల్ల వచ్చింది కాదన్నారు. అది నా ఊపిరి సారూ అనే మాట గొంతుదాకా వచ్చిందట, వెనక నిలబడ్డ వాడకట్టు మనుషులను చూసి మింగేశాడట. ఇంటికొచ్చి బర్రెల దగ్గర కూర్చున్నాడు, అన్నం తినలేదు. ఆ వానాకాలం దాటకుండానే మా ఆయన పోయాడు.

ఇన్నేళ్ళకు నా కొడుకు అటువంటి పనిలోనే ఉన్నాడు. మేడ మీద బట్టలు తేవడానికి వెళ్ళినా సగం మెట్లమీద నిలబడి గోడ పట్టుకుంటాడు. అడిగితే కసురుకుంటాడు. అందుకే ఆ టీచరమ్మ కలం కాగితం మీద ఆనకముందే నేను ఆపాను.

"ఆగు బిడ్డా, గట్ల రాయకు. నా కొడుక్కు ఊపిరి ఆడుతలేదు."

"అమ్మా, ఊకో. నౌకరి పోతే నువ్వు పెడ్తవా?" అని వాడు బయటికి వచ్చాడు.

"ఇది మీ ఫ్యాక్టరీకి వెళ్ళదండి, భయపడకండి. డాక్టరుకు చూపించిన చీటీ ఏదైనా ఉందా?" అంది ఆమె.

"సూపిస్తే గదా చీటీ" అన్నాను.

ఆమె కలం పక్కన పెట్టింది. వాళ్ళ నాన్నది పెద్ద ప్లాంటు ఉద్యోగమట, ఆయనకూ ఇదే ఆయాసమట, ఇప్పటికీ ప్లాంటు మందులతోనే తిరుగుతున్నాడని మెల్లగా చెప్పింది. నాకు కోపం రాలేదు, ఆ పెద్దాయన చల్లగా ఉండాలి. మా ఆయన ఈడే అయ్యుంటుంది. జబ్బు ఉంది, పేరు తెలియదు అని రాసుకుని, సంగారెడ్డి దవాఖానలో ఏ రోజు చూస్తారో నా కోడలికి చెప్పి వెళ్ళింది. నా కొడుకు అన్నం డబ్బా కూడా తీసుకోకుండా డ్యూటీకి పోయాడు.

ఇప్పుడు మా రోడ్డు మీద లారీలకు సందు దొరకదు, జొన్నచేల మీద మేడలు లేచాయి. ఒడిశా, బీహారు పిల్లలు రేకుల గదుల్లో కిరాయికి ఉండి మావాళ్ళు చేసిన పనే చేస్తున్నారు. సర్వే ఆమె వాళ్ళ గదుల ముందు ఆగలేదు, వాళ్ళ లెక్క ఏ ఊళ్ళో పడుతుందో నాకు తెలియదు. మా లెక్క మటుకు ఈసారి ఉన్నది ఉన్నట్టు వెళ్ళింది. దానివల్ల ఏం వస్తుందో చూసేదాకా నేనుంటానో లేదో.

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దవాఖానకు పోదాం రా అంటే చూద్దాం అంటున్నాడు. వాళ్ళ నాయనకు దగ్గు తెర వస్తే తువ్వాల నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయేవాడు, గోడ అవతలివాళ్ళకు వినబడకూడదని. నిన్న వీడు అన్నం ముందు కూర్చుని, లేచి పోకుండా, నా ఎదురుగానే దగ్గాడు. వినలేకపోయాను. అయినా లేవకుండా మంచినీళ్ళ చెంబు వాడి వైపు జరిపి, తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.