పైపు పట్టుకున్న విశ్వాసి

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, అంటే నా నడుము ఇంకా నా మాట వినే రోజుల్లో, నేను కోస్గిలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ సారుని. అప్పట్లో నన్ను చూసినవాళ్లెవరైనా మహా ధైర్యవంతుడనే అనుకునేవారు. ఆరడుగుల మనిషిని, మెడలో విజిల్, గొంతు విప్పితే గ్రౌండు అవతల మేస్తున్న మేకలు కూడా లైనులో నిలబడేవి. అలాంటి నాకు ఒక్కటే భయం, నీళ్లు. తాగే నీళ్లు కాదు, మునిగే నీళ్లు. మావి వానను నమ్ముకున్న మెట్ట నేలలు. నీళ్లను బిందెల్లో చూడడమే తప్ప మనిషి లోతున చూసింది లేదు. (స్నానానికి చెంబు నెత్తిన వంచుకునే ముందు కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థించేవాణ్ని. ఇంట్లోవాళ్లు అది భక్తి అనుకున్నారు.)

ఈ భయం వల్ల బాధపడింది మాత్రం మా అవ్వ, అంటే మా నాయనమ్మ. మా సంఘంలో నీళ్లలో నిండా మునిగి బాప్తిస్మం తీసుకోనివాళ్లు ప్రభువు బల్లలో, అంటే అక్కడ పంచే రొట్టె, ద్రాక్షరసాల్లో, చెయ్యి పెట్టకూడదు. రొట్టె పళ్లెం వరస వెంట వచ్చి, అవ్వ చేతిలోంచి నా ముక్కు ముందుగా పక్కాయన చేతికి పోయేది. మా ఇంట్లో అందరికంటే ముందు నమ్ముకున్నది అవ్వే. కూలికి పోయి బాపును పెంచింది, తర్వాత నన్నూ సాకింది. "నేను పొయ్యేలోపల నా పక్కన కూసోని ఒక్కపారి రొట్టె తిను కొడుకా, ఇంకేం అడుగ" అనేది. నేను "వచ్చేపారి అవ్వా" అనేవాణ్ని. ఒకసారి జలుబు చేసింది, ఇంకోసారి బడిలో ఆటల పోటీలు, మరోసారి సరిగ్గా ఆ పొద్దున్నే కాలు బెణికింది (ఏ కాలో సాయంత్రానికి నాకే గుర్తు లేదు). ఆ ఏడు అవ్వకు మోకాళ్లు పట్టేసి, దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి విసిగి, చివరికి తేల్చి చెప్పింది. "గీపారి గూడ తప్పించుకుంటివా, నేను గూడ బల్లల చెయ్యి పెట్ట. నీతోనే ఉత్తగ కూసుంట." అన్నంత పనీ చేసే మనిషి. ఆమె నోటి దగ్గరి రొట్టెను నేను ఎలా ఆపుతాను? సరేనన్నాను.

మా వైపు ఏరు లేదు కనుక బాప్తిస్మాలన్నీ ఒక రైతు బావిలోనే జరిగేవి. మెట్లున్న పాత బావి, ఎండాకాలం ఛాతీ దాకా నీళ్లు. ఆ రైతు మా మతం వాడు కాదు, అయినా ఆ రోజు మోటరు బంద్ చేసి, గట్టు మీద బీడీ కాలుస్తూ మొదటి నుంచి చివరి దాకా చూసేవాడు. ఆయన్ని మేమంతా కాకా అని పిలిచేవాళ్లం. ఇది చాలదన్నట్టు నా బడి పిల్లలు "మా సారు మునుగుతాండంట" అని ఊరంతా చాటి, గట్టు చుట్టూ చేరారు.

మా పాస్టరు అయ్యగారు సన్నని మనిషి, నా భుజం దాకా వస్తారు. నీళ్లలో నా పక్కన నిలబడి, అందరికీ వినబడేలా అడగవలసినవి అడిగారు.

"తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడని నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న అయ్యగారు."

"యేసు ప్రభువు నీ పాపాల కోసం చనిపోయి, మూడో దినాన లేచిండని నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న."

"ఆయన మల్ల వస్తడని నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న అయ్యగారు. జర ఇప్పుడే వస్తే ఇంకా మంచిగుండు."

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. నేను మాత్రం నిజంగానే అన్నాను. ఆకాశం వైపు చూశాను కూడా. అక్కడ ఒక గద్ద తప్ప ఎవరూ దిగే సూచన లేదు. ఈలోగా అయ్యగారు నా వీపు కింద చెయ్యి పెట్టి వెనక్కి వంచారు. అంతే, నా ఎడమ చెయ్యి ఆయన మెడను, కుడి చెయ్యి పక్కనే ఉన్న మోటరు పైపును పట్టుకున్నాయి. నా మెదడుకు ఇందులో ఏ సంబంధమూ లేదు. అయ్యగారు "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు" వరకు నీళ్ల పైన చెప్పి, మిగతాది నీళ్ల లోపల చెప్పారు. తీసెయ్యడం మరిచిపోయిన విజిల్ ఎలా వచ్చిందో నోట్లోకి వచ్చింది. పైకి లేస్తూనే ఊపిరంతా పెట్టి ఊదాను. గట్టు మీద నా పిల్లలు అలవాటు కొద్దీ లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు.

సంఘం పాట అందుకుంది. అవ్వ చెయ్యెత్తింది.

"పాట ఆపుండ్రి! వాని కుడి చెయ్యి మునగలే. మోచేతి కాడికెల్లి పొడిగనే ఉన్నది."

అయ్యగారు ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ, "అవ్వా, చెయ్యిదేమున్నది, పోనియ్యి" అన్నారు.

"ఎట్ల పోనియ్యాలె? మునుగుడంటె ప్రభువుతోని పాతిపెట్టవడుడు, లేసుడంటె కొత్త బతుకుకు లేసుడు అని మీరే జెప్పిండ్రు గద. పాతిపెట్టేటప్పుడు చెయ్యి బయటికి పెడ్తరా?"

"రక్షణ నీళ్లల్ల లేదవ్వా, విశ్వాసంల ఉన్నది."

"విశ్వాసమున్నోడు పైపు పట్టుకుంటడా?"

అయ్యగారు ఏళ్ల తరబడి ప్రసంగాలు చేసిన మనిషి. ఈసారి మాత్రం చొక్కా పిండుకున్నారు. కాకా బీడీ ఆర్పి, "అవ్వ మాట కరెక్టే. నా ఎడ్లు గూడ నీళ్లల్ల గింత సతాయించలే. జల్ది ముంచుండ్రి, కరెంటు పోతె నా వరి ఎండుతది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తున్నా దాచుకోలేకపోయాను. "నాతోని కాదవ్వా, భయమైతాంది" అన్నాను. అవ్వ చెప్పులు విడిచి, మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. కట్టుకున్న తెల్లచీరతోనే నీళ్లలోకి వచ్చేసింది.

"నాకు లేదారా భయం? మీ తాతను మట్టిల పెట్టిననాడు నా కాళ్లు ఆడలే. ప్రభువు లేచిండు, మనోళ్లు గూడ లేస్తరు అన్న మాటనే పట్టుకొని ఇంటికొచ్చిన. గా మాట పట్టుకునే ఇన్నేండ్లు బతికిన. పైపిడువు. ఇగో నా చెయ్యి."

పైపు వదిలాను. ఆ చేతిని పట్టుకున్నాను. అయ్యగారు ఈసారి ముందుజాగ్రత్తగా గట్టిగా ఊపిరి పీల్చుకుని నన్ను ముంచారు. నా చెయ్యి మునిగింది, దానితోపాటు అవ్వా, అయ్యగారూ మునిగారు. ముగ్గురం దగ్గుకుంటూ లేచాం. "అవ్వకు రెండోపారి, అయ్యగారికైతె మూడోపారి!" అని కాకా కేక పెట్టి, పోయి మోటరు వేశాడు. ఆ మధ్యాహ్నం చర్చిలో, తడి ఆరని జుట్టుతో, అవ్వ పళ్లెం నా వైపు జరిపింది. "గా చేత్తోనే తీసుకో" అంది. తీసుకున్నాను. అవ్వ రొట్టె నములుతూ నన్నే చూసి నవ్వింది.

అవ్వ ఇప్పుడు మట్టిలో తాత పక్కన ఉంది. నేను సంఘంలో పెద్దనయ్యాను, పొట్ట కూడా హోదాకు తగ్గట్టే వచ్చింది. బాప్తిస్మాలున్న రోజు అయ్యగారు నన్ను తీసుకుపోయి సరిగ్గా పైపు ముందే నిలబెడతారు. వణుకుతూ ఎవరైనా పైపుకోసం చెయ్యి చాస్తే, ఆ చేతిని నేనే అందుకుని, "పైపిడువు, ఇగో నా చెయ్యి" అంటాను. చూసేవాళ్లు నా విశ్వాసాన్ని మెచ్చుకుంటారు. నా ఎడమ చెయ్యి వీపు వెనక ఆ పైపునే పట్టుకుని ఉంటుందని ఎవరికీ తెలియదు. ప్రభువు మళ్లీ వచ్చి అవ్వ లేచిన రోజున మొదట అడిగేది మాత్రం అదే, "పైపిడిచినవారా?" అని. ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.